అమ్మ చేతిలో స్విచ్చు

రామకుప్పంలో మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట, "దీని నెంబరు ఎంత?" అప్పట్లో ఫోన్ వచ్చినప్పుడు నెంబరిచ్చారు కదా, దీనికీ ఇస్తారనుకుంది. నవ్వేశాను. తర్వాత ఆ ప్రశ్నే నా ఆదివారాలు రెండు మింగేసింది.

నాయన పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను బెంగళూరులో. కుప్పం నుంచి రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు, అయినా నెలకోసారి వెళ్తే గొప్ప. అందుకని ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై, దానికొక హార్డ్‌డిస్క్ పెట్టాను. నాయన ఫోన్లో మిగిలిన రికార్డింగులు, పొలం కాగితాల స్కాన్లు, రెండు కెమెరాల ఫుటేజీ అన్నీ అందులోనే. కెమెరా కంపెనీ యాప్ వాడుంటే ఐదు నిమిషాల పని. కానీ అమ్మ వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే ఆ దృశ్యం ఎవరి సర్వర్ మీదుగానో నాకు చేరడం ఇష్టం లేకపోయింది. (వీపీఎన్ అనగానే బ్లాక్ చేసిన సైట్లు చూడ్డానికా అంటారు ఫ్రెండ్స్. ఎక్కడో ఉన్న నా ల్యాప్‌టాప్‌ని ఇంటి రౌటర్ పక్కనే ఉన్నట్టు చెయ్యడం దాని అసలు పని.)

వైర్‌గార్డ్ ఎంచుకున్నాను. 2020లో లైనక్స్ కెర్నెల్‌లోనే చేరిపోయింది. కాన్ఫిగ్ ఫైలు పట్టుమని ఇరవై లైన్లుండదు. అటొక తాళంచెవి, ఇటొకటి. తెలియనివాళ్ళు తలుపు తడితే లోపల్నుంచి అలికిడి కూడా ఉండదు. రౌటర్లో 51820 పోర్టు తెరిచి, బెంగళూరొచ్చి కనెక్ట్ చేశాను. నాక్కూడా అలికిడి లేదు.

రౌటర్‌కి బయటినుంచి వచ్చిన అడ్రసు 100.64తో మొదలవుతోంది. ఐపీవీ4 అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్ల లోపే. 2011కే ఆసియాలో నిల్వ అడుగంటింది. అందుకని ఎన్నో ఇళ్ళని ఒకే బయటి అడ్రసు వెనక పెట్టేస్తారు, లోపల ఇలాంటి నెంబర్లిచ్చి. ఐపీవీ6 ఉంటే ఈ తంటా ఉండదు, మా కనెక్షన్‌కి అది లేదు. అమ్మ అడిగిందానికి జవాబు దొరికింది: మనింటికి నెంబరు లేదమ్మా.

చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఒక్కింట్లోనే ఫోను. మామ చేస్తే "పది నిమిషాలాగి చెయ్యప్పా, పిల్చుకొస్తాం" అనేవాళ్ళు. ఇక్కడ పిల్చుకొచ్చేవాళ్ళెవరూ లేరు. కాబట్టి ఇంట్లో డబ్బా చేతే ఫోన్ చేయించాలి. బయటి అడ్రసున్న చిన్న సర్వర్ ఒకటి నెలకి కొన్ని వందలకి అద్దెకి తీసుకున్నాను. ఇంటి డబ్బా దానికి కనెక్టయి, 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్ పంపి లైను తెగకుండా చూసుకుంటుంది. నేనూ ఆ సర్వర్‌కే వెళ్ళి అక్కణ్ణుంచి ఇంట్లోకి వెళ్తాను.

పని చేసింది. ఆఖరి హ్యాండ్‌షేక్ ఎంతసేపటి కిందట జరిగిందో ఒక కమాండ్ కొడితే కనిపిస్తుంది. మామూలుగా రెండు నిమిషాలు దాటదు. మీటింగుల మధ్య అది చూసుకోవడం అలవాటైపోయింది. అమ్మకి ఫోన్ చేయడం తగ్గిందని అప్పుడు గమనించలేదు.

ఏప్రిల్లో ఒక రాత్రి అది మూడు గంటలు చూపించింది. ఫోన్ ఎత్తలేదు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు పొలాల మీదకొచ్చే ప్రాంతం మాది, మనసు ఎక్కడెక్కడికో పోయింది. పక్కింటి అన్నని నిద్ర లేపి పంపిస్తే, అమ్మ లైన్లోకొచ్చింది.

"నేనే ఆపేసినా రా. ఉక్కగా ఉండాది, వసారాలో పండుకుందామని. అది నా పక్కే చూస్తా ఉంటే నిద్ర పడతాదా?"

"ఒక మాట చెప్పచ్చు గదమ్మా."

"పెట్టేటప్పుడు నువ్వు నన్నడిగినావా?"

అడగలేదు. ఎవరెవరో చూడకూడదని అన్ని తాళాలు వేశాను, చూసేవాళ్ళలో నన్ను లెక్కేసుకోలేదు.

ఆ వారం ఊరికెళ్ళి వసారా కెమెరా పీకేశాను. రెండోదాన్ని గేటు వైపు తిప్పాను. ఏ స్విచ్చు దేనిదో చూపిస్తే, డబ్బా స్విచ్చు మీద అమ్మ పసుపు బొట్టు పెట్టుకుంది, గుర్తుకి.

నిన్న రాత్రి 9:40 తర్వాత హ్యాండ్‌షేక్ లేదు. పొద్దున ఆరుంపావుకి వచ్చింది. ఏడింటికి నేనే ఫోన్ చేశాను.