అమ్మ బటన్ నొక్కిందా?

తెనాల్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ "నా దగ్గరికి వచ్చెయ్యి" అని నేనూ, "ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ" అని డల్లాస్ నుంచి తమ్ముడూ అంటూనే ఉన్నాం. ఆవిడ వినదు. బావి దగ్గర సన్నజాజి పందిరికి నీళ్లెవరు పోస్తారంటుంది. ఈ సంగతి మీలో చాలామందికి తెలిసిందే, మీ ఇళ్లల్లోనూ ఇదే కథ కదా.

ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మావాడు పోయిన సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ కోసం ఒక పెట్టె తయారుచేశాడు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికి రెండు వైర్లతో ఒక కాలింగ్ బెల్ బటన్. వంటింటి గుమ్మం పక్కన బిగించాడు. అమ్మమ్మ పొద్దున లేవగానే కాఫీకి వెళ్తూ అది నొక్కాలి, అంతే. ఎనిమిదింటికల్లా నొక్కకపోతే నాకూ, తమ్ముడికీ, మావాడికీ మెయిల్ వస్తుంది. ఎస్సెమ్మెస్ అయితే డబ్బూ, రిజిస్ట్రేషన్ల తతంగమూను, మెయిల్ అయితే ఊరికే పోతుందన్నాడు. బిగించిన సాయంత్రం అయిదు నిమిషాల్లో మూడుసార్లు పరీక్ష చేశాడు. మూడుసార్లూ నా ఫోన్ టింగుమంది. అమ్మ మురిసిపోయి మనవడికి సున్నుండలు చేసిపెట్టింది. కరెంటు పోయినా ఆగకుండా దాన్నీ, నెట్ పెట్టెనీ ఇన్వర్టర్ లైనుకి తగిలించి హైదరాబాద్ వచ్చేశాం.

ఆ తర్వాత మెయిల్ ఒక్కటీ రాలేదు. రాలేదంటే అమ్మ బావుందని అర్థం. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మేం దాన్ని పూర్ణాంగీకారం చేసేసుకున్నాం.

42వ రోజు పొద్దున పదింటికి పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. పనమ్మాయి వచ్చి ఎంత తలుపు కొట్టినా తీయలేదట, లోపల్నుంచి సన్నగా మూలుగు వినిపిస్తోందట. పెరటి తలుపు గడియ ఊడబెరికి వెళ్లేసరికి బాత్రూం ముందు అమ్మ పడివుంది. తెల్లవారుజామున అయిదింటికి లేచి కాలు జారిందట. మణికట్టు విరిగింది, తుంటి కమిలిపోయింది, దేవుడి దయవల్ల తలకేం కాలేదు. సెల్‌ఫోను మంచం మీద ఉండిపోయింది. అయిదు గంటలు ఆ చల్లటి గచ్చు మీద.

ఎనిమిదింటికి మెయిల్ వచ్చివుంటే ఎనిమిదీ అయిదుకి నేను పిన్నిగారికి ఫోన్ చేసేదాన్ని. ఆ రెండు గంటలూ నా మనసులోంచి ఇప్పటికీ పోవు.

కారులో వెళ్తున్నంతసేపూ మావాడు ఒక్క మాట మాట్లాడలేదు. "వాణ్ణేం అనకు" అని మావారు నాకు ముందే చెప్పారు. అనాలని నాకూ లేదు. కానీ ఎందుకు రాలేదో తెలియాలి కదా. అమ్మ చేతికి కట్టు కట్టించి, ఆస్పత్రిలో రాత్రికి మావారిని ఉంచి, నేనూ వాడూ ఇంటికి వచ్చాక, వాడు ఆ పెట్టెని లాప్‌టాప్‌కి కలిపాడు. పక్కనే కూర్చున్నాను. నేను చదివింది బీఏ తెలుగు. సంధులూ సమాసాలూ విడగొట్టమంటే విడగొడతాను గానీ ప్రోగ్రాముల మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ రోజు వాణ్ణి వదల్లేదు. "నాకు అర్థమయ్యేదాకా చెప్పు" అని కూర్చున్నాను.

పెట్టె తాను చేసిన పనులన్నీ చిట్టాలాగా రాసుకుంటుందట. చివరి పేజీలో ఉంది: ఎనిమిది గంటలు, బటన్ నొక్కలేదు, మెయిల్ పంపుతున్నాను. దాని కింద ఎర్రగా, "ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్ డిస్కనెక్టెడ్". అంతే, ఆ తర్వాత ఇంకేం లేదు. ప్రోగ్రాం అక్కడే చచ్చిపోయింది. బోర్డు మీద లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది.

వాడు చాలాసేపు దాన్నే చూసి, తల పట్టుకుని, "అమ్మా, ఇది ఇవాళ తెగింది కాదు. మనం వచ్చేసిన రోజే తెగిపోయింది" అన్నాడు.

విషయం ఇదీ. మెయిల్ పంపాలంటే ముందు మెయిల్ సర్వర్‌తో లైను కలుపుకోవాలి, నేను ఫలానా అని పాస్‌వర్డ్ చెప్పుకోవాలి. వీడు ఆ కలుపుకోవడం ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారి చేసి, ఆ లైను అలా పట్టుకునే ఉండమని రాశాడు. అవసరమైనప్పుడు దాని మీదే పంపొచ్చు కదా అని. కానీ అవతలి సర్వర్ ఎవరినీ ఊరికే కూర్చోనివ్వదట. లైను కలిపి మాట్లాడకుండా ఉంటే కాసేపు చూసి పెట్టేస్తుంది. ఎంతసేపు చూడాలో మెయిల్ నియమాల్లోనే రాసివుందట, కనీసం 5 నిమిషాలు. ఆ పైన ఎవరి దయ వాళ్లది. పెట్టేసిన సంగతి మన ప్రోగ్రాం పట్టించుకోదు, మళ్లీ దాని మీద ఏదన్నా పంపబోయినప్పుడే బయటపడుతుంది. పరీక్షలు మూడూ మొదటి అయిదు నిమిషాల్లోనే చేశాడు కాబట్టి మూడూ వెళ్లాయి. ఆరోజు రాత్రికే ఆ లైను చచ్చింది. 41 రోజులు మేం నమ్ముకున్నది మూగ పెట్టెని.

నాకు మా ఎస్టీడీ బూత్ గుర్తొచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ ఎదురుగా ఉండేది. రాత్రి పదకొండు దాటితే రేటు తగ్గుతుందని వరసలో నిలబడేవాళ్లం. ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే చెప్పాల్సింది గబగబా చెప్పి పెట్టేసేవాళ్లం. ఏదైనా కబురుంటే చెబుదాంలే అని బూత్‌లోకెళ్లి నంబరు తిప్పి, నలభై రోజులు రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడేవాళ్లెవరైనా ఉంటారా? అదే అన్నాను. "కబురున్నప్పుడు వెళ్లి ఫోన్ చేస్తే పోదా నాన్నా?"

వాడు నవ్వలేదు గానీ, "అంతేనమ్మా, దిద్దాల్సింది కూడా అంతే" అన్నాడు. లైను కలిపే మూడు వరుసల్నీ పైనుంచి తీసి కింద, మెయిల్ పంపేచోట పెట్టాడు. పంపాల్సి వచ్చినప్పుడు కలుపు, పంపు, పెట్టెయ్యి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల పని జనవరిలో చేసివుంటే అని ఇద్దరం అనుకున్నాం, ఇద్దరం పైకి అనలేదు.

మరో దారి కూడా ఉందట. మధ్యమధ్యలో "హలో, ఉన్నావా" అని సర్వర్‌ని పలకరిస్తూ లైను నిలబెట్టుకోవచ్చు. అలా ఉత్తినే పలకరించడానికి 'నూప్' అని ఒక మాట కూడా పెట్టారు. రోజుకి ఒక్క మెయిల్ కోసం అంత కాపలా ఎందుకు, నెట్ ఒక్క నిమిషం పోతే మళ్లీ మొదటికే కదా అని దాన్ని వద్దనుకున్నాడు.

ఆ రాత్రి అక్కడితో ఆపనివ్వలేదు నేను. ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్ల బుర్రలు ఎలా పనిచేస్తాయో మీకు తెలుసు కదా, ఒకదాని తర్వాత ఒకటి భయాలు పుడుతూనే ఉంటాయి. సరిగ్గా ఎనిమిదింటికే నెట్ లేకపోతే? అప్పుడు ప్రోగ్రాం చావకుండా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. నిమిషం ఆగి ఒకసారి, రెండు నిమిషాలాగి ఇంకోసారి, తర్వాత నాలుగు, ఎనిమిది, ఆపైన పావుగంటకోసారి. వరసగా కొడితే ఏం అన్నాను. క్షణానికోసారి తలుపు బాదితే లోపలివాళ్లు దొంగనుకుని తాళం వేస్తారు, సర్వర్లూ అంతే అన్నాడు. అవతలి వాళ్లు చెప్పే జవాబు అంకె కూడా చూడాలట. నాలుగుతో మొదలైతే "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని. అయిదుతో మొదలైతే "కుదరదు పో" అని. పాస్‌వర్డ్ తప్పైతే అయిదువందల ముప్ఫై అయిదు వస్తుంది, అప్పుడు వందసార్లు అడిగినా లాభం లేదు, మనిషే వెళ్లి దిద్దాలి.

లైను కలిసినట్టే ఉండి అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే? వాడు మొదట రాసినదాంట్లో గడువు పెట్టలేదట. గడువు చెప్పకపోతే పైథాన్ అలా ఎదురుచూస్తూనే కూర్చుంటుందట, ఎంతకాలమైనా. ఇప్పుడు 30 సెకన్లు పెట్టాడు. పంపాల్సిన మెయిల్‌ని ముందే ఫైల్లో రాసి ఉంచుకోవడం, ప్రోగ్రాం పడిపోతే దానంతటదే మళ్లీ లేవడం కూడా చేర్చాడు. ఒక్కచోట మాత్రం తటపటాయించాడు. మెయిల్ అంతా చేరాక, "అందింది" అనే మాట మనకి వచ్చేలోపు లైను తెగితే, అందిందో లేదో తెలీదు. మళ్లీ పంపితే రెండు మెయిళ్లు వస్తాయి. "రానీ" అన్నాను. పెళ్లి శుభలేఖ రెండుసార్లు అందితే ఎవరూ తప్పుపట్టరు, అందకపోతేనే తరతరాలు చెప్పుకుంటారు.

మర్నాడు ఆస్పత్రిలో అమ్మకి కాఫీ తాగిస్తూ ఇదంతా నాకు తెలిసినంతలో చెప్పాను. అమ్మ అంతా విని, "అయితే నేను నొక్కినప్పుడు మీ ఇంట్లో మోగేది కాదా?" అంది.

మోగదమ్మా, నొక్కకపోతేనే కబురొస్తుంది అన్నాను.

"నేను మోగుతుందనుకున్నానే. నొక్కేసి కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను దగ్గర కూర్చునేదాన్ని. నొక్కాను కదా, తెలిసుంటుంది, చేస్తుందిలే అని."

అంతకుముందు రోజూ ఏడింటికి నేను అమ్మకి ఫోన్ చేసేదాన్ని. ఒక చేత్తో పోపు వేస్తూ, ఒక చెవికి ఫోన్ నొక్కిపట్టి, ఏం కూర అంటే ఏం కూర అని. పెట్టె వచ్చాక మొదటి వారం చేశాను. తర్వాత రెండు రోజులకోసారి. తర్వాత ఆదివారాలు. తమ్ముడూ అంతేనట, "మెయిల్ రాలేదు కదా అక్కా అని ఊరుకున్నా" అని ఫోన్లో ఏడ్చాడు. ప్రోగ్రాంలో లైను తెగిన సంగతికి మావాడు సిగ్గుపడుతున్నాడు. వాడికి పందొమ్మిదేళ్లు, వాడు రాసిన మొదటి పెద్ద ప్రోగ్రాం అది. నా సంగతి వాడితో ఏం చెప్పను?

ఆ సాయంత్రం వాడితో ఇంకో మార్పు చేయించాను. నొక్కకపోతే కాదు, నొక్కితే మెయిల్ రావాలి. రోజూ, ప్రతి రోజూ. "అమ్మమ్మ లేచింది" అని, టైముతో సహా. వాడికి వెంటనే వెలిగింది, అలా చేస్తే పెట్టె పాడైనా తెలిసిపోతుంది, పెద్ద పెద్ద కంపెనీల్లోనూ గుండె చప్పుడు అని ఇలాగే పెడతారు అన్నాడు. మరి రాకపోతే ఎవరు చూస్తారు? తెనాల్లో నెట్ పోతే నెట్ పోయిందని తెనాలి పెట్టె చెప్పలేదు కదా. వాడు మన ఇంట్లో పాత లాప్‌టాప్ మీద ఇంకో ప్రోగ్రాం రాస్తానన్నాడు. రాసుకో నాన్నా అన్నాను. నేను మాత్రం నా ఫోన్లో ఎనిమిదింటికి అలారం పెట్టుకున్నాను, "అమ్మ బటన్ నొక్కిందా?" అని పేరు పెట్టి. పిన్నిగారికి ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చాను. బాత్రూం ముందు గచ్చు మీద గరుకు పట్టాలు వేయించాను, గోడకి పట్టుకునే కడ్డీ బిగించాను. సెల్‌ఫోనుకి తాడు కట్టి మెడలో వేస్తే మాత్రం "నేనేమన్నా ఆవునా" అని తీసి పారేసింది.

ఇప్పుడు మెయిల్ రాగానే ఫోన్ చేస్తున్నాను. ఇది రాసేనాటికి రెండున్నర నెలలైంది. ఒక్కసారి మెయిల్ రాలేదు, నెట్ పోయింది, నేను ఫోన్ చేస్తే అమ్మ హాయిగా పేపర్ చదువుకుంటోంది. ఇంకోసారి ఒకటే మెయిల్ రెండుసార్లు వచ్చింది. మావాడు పరిగెత్తుకుంటూ వచ్చి చూసుకుని సంబరపడ్డాడు, వాడు చెప్పినట్టే జరిగిందని.

మొన్న మాత్రం 4:50కే వచ్చింది. గుండె ఆగినంత పనైంది. వణుకుతున్న చేత్తో ఫోన్ చేశాను, ఏమైందమ్మా ఇంత పొద్దున్నే లేచావు అని.

"ఏం కాలేదే. మావిడికాయలు తెప్పించాను. ముక్కలు కొట్టే అబ్బాయి ఆరింటికల్లా వస్తానన్నాడు, ఈలోపు కడిగి తుడుస్తున్నా."

"ఆ చేత్తోనా? ఎన్ని కాయలు?"

కాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"పాతికేనే" అంది.