అకిహబరా నుంచి తెనాలికి ఓ ప్రింటర్

టోక్యోలో నా మొదటి రాత్రి. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ 9 శాతం. తెల్లారితే కొత్త ఆఫీసులో ప్రెజెంటేషన్. హోటల్ గది గోడకున్న సాకెట్‌లో రెండే రెండు సన్నటి నిలువు చీలికలు. నా చేతిలో మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్. ఎటు తిప్పినా దూరదే!

తెనాలికి వీడియో కాల్ చేశా. నాన్నకి అక్కడ జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. ‘కంగారు పడకురా. ముందు చార్జర్ డబ్బా మీద ఏం రాసుందో చదువు’ అన్నారు. ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంది. ‘అయితే ఇంకేం? పిన్ను మారిస్తే చాలు’ అన్నారు. హోటల్ కౌంటర్‌లో అడిగితే కన్వర్టర్ ప్లగ్ ఇచ్చారు. గండం గడిచింది.

ఆ ఆదివారం అకిహబరా వెళ్లా. యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల దుకాణాలతో పెరిగిన ఎలక్ట్రానిక్స్ పేట అది. రైలు పట్టాల కింద ఇరుకు సందుల్లో ఇప్పటికీ స్విచ్‌లు, వైర్లు అమ్మే చిన్న కొట్లున్నాయి. అక్కడే నా చార్జర్‌కి జపాన్ కేబుల్ కొన్నా. రెండు పిన్నులు, పక్కన తోకలా వేలాడే ఆకుపచ్చ ఎర్త్ వైరు!

జపాన్‌లో కరెంటు 100 వోల్టులే. మనకి 230. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో జర్మనీ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు తెచ్చుకున్నాయి. ఆ తేడా ఇప్పటికీ పోలేదు.

ఇదంతా తెలిసీ నేను చేసిన ఘనకార్యం వినండి. సెలవుకి ఇంటికొస్తూ నాన్న కోసం అకిహబరాలో ఓ సెకండ్‌హ్యాండ్ లేజర్ ప్రింటర్ కొన్నా. షాపులో నాన్న ముందురోజే టేబుల్ ఖాళీ చేసి పెట్టారు. కన్వర్టర్ ప్లగ్ తగిలించి స్విచ్ వేశా. ‘టప్’మంది. కాలిన వాసన.

కన్వర్టర్ ప్లగ్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ రెండింటికీ సర్దుకుంటుంది. ఆ ప్రింటర్‌ది 100 వోల్టులకే చేసిన పవర్ బోర్డు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సింది. అదీ చిన్నది సరిపోదు. టోనర్ పొడిని కాగితానికి అతికించే హీటర్ వందల వాట్లు లాగుతుంది. అసలు అకిహబరాలోనే విదేశాలకి తీసుకెళ్లేవాళ్ల కోసం 220-240 వోల్టుల మోడళ్లు అమ్మే షాపులున్నాయి. నేనే తక్కువ ధర చూసి మురిసిపోయా.

నాన్న కోప్పడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, ప్రింటర్ వెనక్కి తిప్పి, స్టిక్కర్ మీద ‘ఏసీ 100 వోల్టులు’ అని పైకి చదివారు. ‘నాకు ఫోన్ చేసుంటే చెప్పేవాణ్ని కదరా’ అన్నారంతే. తిట్టినా బాగుండేది.

బోర్డు దొరకలేదు. ఆ ప్రింటర్ ఇప్పుడు షాపులో పేపర్ కట్టలకి పీట. మీరు మాత్రం ఏది కొన్నా, ఏది మోసుకెళ్లినా, ప్లగ్ పెట్టేముందు ఓసారి వెనక్కి తిప్పి చదవండి.