వంతెనకు అటూ ఇటూ

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మాకు వెంటనే జవాబు రాదు. ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం తెలుగువాళ్ళమే. కానీ ఒకరి నాన్నగారు సైన్యంలో, ఒకరి అమ్మగారు రైల్వేలో, ఇంకొకరి నాన్నగారు బ్యాంకులో పనిచేస్తున్నారు. పదో తరగతికి వచ్చేసరికి ముగ్గురం కలిసి 14 బడులు మారాం. బడిలో హిందీ, సంస్కృతం నేర్చుకున్నాం. తెలుగు మాత్రం ఇంట్లోనే.

కిందటి అక్టోబరులో విద్యార్థుల బృందంతో కలిసి పది రోజులు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్ వెళ్ళాం. ఆ నగరం రైన్ నది ఒడ్డున ఉంది. నది దాటితే జర్మనీలోని కేల్ పట్టణం. 2017 నుంచి ఈ రెండింటి మధ్య వంతెన మీదుగా ట్రాము నడుస్తోంది. మాలో సైన్యం ఇంటి అమ్మాయి చిన్నప్పుడు అట్టారీ గేటు చూసింది. సరిహద్దు అంటే తనకు ముళ్ళకంచె, కవాతు. ట్రాము కిటికీలోంచి "సరిహద్దు ఎక్కడ?" అని వెతుకుతూనే ఉంది. ఈలోగా కేల్ వచ్చేసింది. బోర్డులు జర్మన్ భాషలోకి మారాయి, అంతే! పాస్‌పోర్టులు సంచిలోంచి తీయనే లేదు.

అయితే ఆ సరిహద్దు ఎప్పుడూ ఇలా లేదు. స్ట్రాస్‌బుర్గ్ ఉన్న ఆల్సాస్ ప్రాంతం 1871లో జర్మనీకి, 1918లో ఫ్రాన్స్‌కు, 1940లో మళ్ళీ జర్మనీకి, ఆ యుద్ధం ముగిసేసరికి తిరిగి ఫ్రాన్స్‌కు చేరింది. నగరంలోని ఒక కూడలిలో 1936 నాటి యుద్ధ స్మారకం చూశాం. ఒక తల్లి, ఆమె ఒడిలో ప్రాణాలు విడుస్తున్న ఇద్దరు కొడుకులు. ఒకడు ఫ్రాన్స్ తరఫున, ఇంకొకడు జర్మనీ తరఫున పోరాడినవాడు. ఎవరి ఒంటి మీదా యూనిఫాం లేదు. ఎవరు ఏ దేశమో చెప్పలేం. అక్కడ చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మేము బస చేసిన ఇంట్లో ఒక బామ్మగారు ఉన్నారు. ఆ రాత్రి పలుచగా వత్తిన రొట్టె మీద మీగడ, ఉల్లిపాయలు వేసి కాల్చి పెట్టారు. దాన్ని ఆల్సాస్ భాషలో 'ఫ్లామెకుయెష్' అంటారు. బామ్మగారి అమ్మ పుట్టిన ఊరు కదలకుండానే మూడుసార్లు దేశం మారిందట! దేశం మారకుండా ఊళ్ళు మారే మాకు అది వింతగా తోచింది.

"మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని ఆవిడ మమ్మల్ని అడిగారు. "అమ్మ తెలుగులో అడుగుతుంది, మేము హిందీలో జవాబిస్తాం" అన్నాం. మనవరాలు అది ఫ్రెంచిలో చెప్పగానే బామ్మగారు నవ్వి, ఆ అమ్మాయినే చూపించారు. ఆ అమ్మాయికి ఆల్సాస్ భాష అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదు. యుద్ధం తర్వాత బడుల్లో ఆ భాషను మాట్లాడనిచ్చేవారు కాదట. "ఫ్రెంచి వస్తేనే బాగుపడతారని పిల్లలతో మేమే మానేశాం" అంటూ ఆవిడ నవ్వు ఆపేశారు.

మాకు మా వంటిళ్ళు గుర్తొచ్చాయి. మాలో ఒకరికి తెలుగు రాయడమే రాదు. మర్నాడు మిగిలిన ఇద్దరం అక్షరాలు చెబుతుంటే, తెనాలిలోని అమ్మమ్మకు కార్డు రాసింది. అందులో 11 తప్పులు. అది అందగానే అమ్మమ్మ ఫోన్ చేసి, "తప్పులుంటే ఏమ్మా, నీ రాతేగా! ఇంకోటి రాయి" అంది.

ఇప్పటికి నాలుగు ఉత్తరాలు వెళ్ళాయి. ఈ వ్యాసంలో స్మారకం గురించిన పేరా కూడా తనే రాసింది.