వ్యాన్ నడుము, నానమ్మ నడుము

మారుతి ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది. మా డోర్నకల్‌లో మాత్రం అది ఇంకా రిటైర్ కాలేదు. మా నాయిన బండి కూడా అదే. పంటల సీజన్లో మా వాడకట్టు రైతుల యూరియా బస్తాలు మోస్తుంది. వెనక సీటు బిగిస్తే నానమ్మని ఖమ్మం ఆస్పత్రికి తీసుకెళ్తుంది.

ఈమధ్య బండి వెనక భాగం కుంగిపోయింది. గుంత వస్తే చాలు, నానమ్మ నడుం పట్టుకుంటోంది. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ని. అయినా ఇంట్లో ఇంజినీర్ అంటే అన్నీ తెలిసినవాడే కదా! పార్ట్స్ కొనే డ్యూటీ నాకే పడింది.

నాయినది ఒకటే మాట. "ఇంకో కమాన్ పట్టీ ఎక్కియ్యి రా, లోడు ఆగుతది."

అసలు లెక్క ఇక్కడే ఉంది. ఓమ్నీకి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు ఉంటాయి. బరువు మోసేది పట్టీలే. షాకబ్జర్ల పని బరువు మోయడం కాదు, స్ప్రింగుల ఊగుడు ఆపడం. పట్టీ పెంచితే లోడు మీద బాగానే ఉంటుంది. ఖాళీగా పోతే మాత్రం బండి ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బ తగిలేది నానమ్మకే.

మీ ఇంట్లో పాత బండి ఉంటే మీరూ చూసుకోవచ్చు. ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకట్రెండు ఊపులకి ఆగకపోతే షాకబ్జర్ పని అయిపోయినట్టే. దాని ఒంటికి ఆయిల్ కారినా అంతే. ఒకవైపు పాడైనా రెండు వైపులా కలిపి మార్చాలి. లేదంటే బండి ఒక పక్కకి లాగినట్టు ఉంటుంది.

మెకానిక్ అన్న పట్టీల చివర రబ్బరు బుష్‌లు చూపించాడు. పూర్తిగా అరిగిపోయాయి. "టకటకమనే సప్పుడు వీటిదే తమ్మీ" అన్నాడు. కంపెనీ లెక్క ప్రకారమే కొత్త పట్టీలు, వెనక రెండు షాకబ్జర్లు, బుష్‌లు తీసుకున్నాం. ఎక్స్‌ట్రా పట్టీ వద్దన్నాను.

"మరి లోడు?" అన్నాడు నాయిన.

యూరియా బస్తా 45 కిలోలు. 15 వేస్తే 675 కిలోలు. "పదే వెయ్యి నాయినా" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నానమ్మ వైపు చూసి, "సరే తీ" అన్నాడు.

పార్ట్స్ బిల్లు నేను ఒక్కసారి కట్టాను. తగ్గిన ఐదు బస్తాల కిరాయి మాత్రం నాయిన ప్రతి ట్రిప్పుకీ వదులుకుంటున్నాడు.