వెనక హౌసింగ్ నుంచి శబ్దం వస్తోందా?

రైతు సోదరులారా, దమ్ముల పని అయిపోయింది కదా. పాత ట్రాక్టర్ ఉన్నవాళ్ళు ఒక్క పూట వెనక యాక్సిల్ చూసుకోండి. ఎవరో "క్రౌన్ పోయింది" అనగానే మొత్తం విప్పించేయకండి. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి, ఖర్చు తట్టుకోలేం.

ముందు చెవి పెట్టండి. తిన్నగా లోడుతో పోతుంటే గుయ్‌మని మోగితే క్రౌన్ పినియన్ మీద అనుమానం. మలుపులోనే కటకటమంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు. ఒక్క చక్రం దగ్గరే గరగరమంటే ఆ వైపు బేరింగ్.

ఇంజన్ ఆపి, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, గట్టినేల మీద జాకీతో ఎత్తి, కింద దుంగ పెట్టి చక్రాన్ని ఊపండి. లొడలొడలాడితే బేరింగ్ చూపించాలి.

తర్వాత ఆయిల్. పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టే, మార్చేయండి. ఇనుప ముక్కలు వేలికి తగిలితే ఇక బండి నడపొద్దు.

చక్రం లోపలివైపు ఆయిల్ కారుతుంటే అస్సలు వదలొద్దు. సీలు పోయి ఆయిల్ బ్రేకులోకి చేరితే ఆ వైపు పట్టదు, బండి రెండోవైపుకి లాగేస్తుంది. కాలవగట్టు మీద ట్రక్కుతో ఉంటే ఇక చెప్పేదేముంది?

డిఫరెన్షియల్ లాక్ వేసి మలుపు తిప్పకండి. బురద దాటగానే తీసేయండి.