బ్యాకప్‌లో లేని గొంతు

2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ ఆగిపోయింది. దాని వారసుడు లీనియేజ్‌ఓఎస్‌ని నా పాత ఫోన్లోకి ఎక్కిద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. టీడబ్ల్యూఆర్‌పీలో బూట్, సిస్టమ్, డేటా మూడింటికీ టిక్ పెట్టి ఎస్‌డీ కార్డులోకి బ్యాకప్ తీశాను. ఇంకేం భయం అనుకున్నాను. ‘ఫార్మాట్ డేటా’ నొక్కితే, ‘యస్’ అని టైప్ చేయమంది. చేసేశాను.

కొత్త సిస్టమ్ వచ్చింది. గూగుల్ ఖాతాలోంచి నంబర్లన్నీ దిగాయి, పోయి ఏడాదైన అమ్మమ్మ నంబరుతో సహా. ఆవిడ కాల్ రికార్డింగులే లేవు. పాత బ్యాకప్ మళ్ళీ ఎక్కించి చూశాను. అందులోనూ లేవు.

టీడబ్ల్యూఆర్‌పీ ‘డేటా’ అంటే యాప్‌లూ, వాటి సెట్టింగులూ. ఫొటోలు, రికార్డింగులు ఉండే ఇంటర్నల్ స్టోరేజ్‌ని ఆ బ్యాకప్ ముట్టుకోదు. ఫార్మాట్ మాత్రం దాన్నీ తుడిచేస్తుంది. ఒక్క కేబుల్ పెట్టి ఆ ఫోల్డర్‌ని కంప్యూటర్లోకి లాగి ఉంటే సరిపోయేది.

ఎప్పుడో పిన్నికి వాట్సాప్‌లో పంపిన ముక్క ఒకటి దొరికింది. పద్నాలుగు సెకన్లు. “తిన్నావా? సర్లే, బిల్లవుద్ది, పెట్టేయ్.”

ఇప్పుడది మూడు చోట్ల ఉంది. బ్యాకప్ తీసిన ప్రతిసారీ ముందు దాన్ని తెరిచి వింటాను. ఆ తర్వాతే ‘యస్’.