నాయనమ్మా, గడపా, ఒంటికాలూ

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాయనమ్మ పెరట్లోకి వెళ్తూ గడప దగ్గర తూలి పడింది. అదృష్టం బాగుండి ఎముకలేవీ విరగలేదు. కానీ ఆర్నెల్లలో పడటం అది మూడోసారట! ఎవ్వరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే మంచం దిగనివ్వరు కదరా" అంది.

ఆ మాట నాకే తగిలింది. మంచం దిగొద్దని రోజూ ఫోన్లో చెప్పింది నేనే మరి.

ఆవిడకి సీఓపీడీ. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. నలభై ఏళ్ళు ఊదుగొట్టం పట్టుకుని కట్టెల పొయ్యి ఊదింది, అంతే. 1999లో దీపం పథకం వచ్చాక మా ఇంటికీ గ్యాసు చేరింది గానీ అది టీలకే పరిమితం. అన్నం మాత్రం కట్టెల మీదే.. రుచి పోతుందని.

జబ్బు ఊపిరితిత్తుల్లో కదా అని నేను ఇన్‌హేలర్లు తెప్పించి, వేలికి పెట్టే ఆక్సీమీటర్ కొనిచ్చి, టికెట్ క్లోజ్ చేసేశాను :) కదిలితే ఆయాసం, కదలకపోతే లేదు. సింపుల్! పడిపోవడాన్ని వయసు ఖాతాలో రాసేశాను.

బగ్ వేరే మాడ్యూల్లో కూడా ఉందని ఫిజియోథెరపిస్ట్ చెప్తే గానీ తెలీలేదు. ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే తొడల కండరాలు తగ్గిపోతాయి. బలం లేని కాళ్ళతో నాలుగడుగులు వేసినా ఇంకా ఎక్కువ ఆయాసం. దాంతో ఇంకా తక్కువ కదులుతారు. అచ్చమైన ఇన్ఫినిట్ లూప్! పైగా డయాఫ్రం ఊపిరి తీయడమే కాదు, మనం చెయ్యెత్తినప్పుడు, పక్కకి తిరిగినప్పుడు ఒంటిని నిలకడగా ఉంచడానికీ సాయపడుతుందట. ఆయాసం ఎక్కువైతే ఈ రెండో పని వెనకబడుతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్ళు తోటి వయసు వాళ్ళకన్నా ఎక్కువగా తూలుతారు.

నడక, కాళ్ళకి బలం వచ్చే వ్యాయామాలు అవసరమే. కానీ నిలకడకి విడిగా శిక్షణ ఉండాలి. 2013లో కెనడాలో వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలు వ్యాయామాలకి బాలెన్స్ శిక్షణ కూడా కలిపినవాళ్ళకే నిలకడ బాగా మెరుగైంది. పెద్ద పరికరాలేం అక్కర్లేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం, కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, పెదాలు సన్నగా చేసి నెమ్మదిగా ఊపిరి వదలడం. అయితే డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, పక్కన మనిషి లేకుండా అసలే వద్దు.

ఎనిమిది వారాలయ్యాయి. ఊపిరితిత్తులు బాగైపోలేదు, అవి అంతే. కానీ ఇప్పుడు గోడ పట్టుకోకుండా గడప దాటుతోంది. సాయంత్రం నాలుగిళ్ళవతల అరుగు మీద కబుర్లకి వెళ్ళొస్తోంది. ఆవిడకి కావాల్సింది అదే.

మనలో చాలామందికి ఊళ్ళో ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటారు. ఇక్కణ్ణుంచి మనం ప్రేమగా ఇచ్చే సలహా ఒక్కటే, "రెస్ట్ తీసుకో". దయచేసి ఆ మాట ఆపేసి, "ఈ మధ్య ఎప్పుడైనా పడ్డావా?" అని అడగండి. తిట్టకుండా అడగండి, అప్పుడే నిజం చెప్తారు.

మొన్న ఫోన్లో "ఇవాళ ఎంతసేపు నడిచావు నాయనమ్మా?" అన్నాను. "నా సంగతి సరే, పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటావు, నువ్వెంత నడిచావురా?" అంది.

నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను :(